నెమ్మది బండి ముందు నడవాలి

కోల్‌కతా నుండి తూర్పు తీరం వెంబడి విశాఖపట్నం వరకు సొంత కార్లలో, కుటుంబాలతో కలిసి వెళ్ళాలన్న ఆలోచన మా మిత్రబృందంలో మూడు నాలుగేళ్ళుగా నలుగుతోంది. మా బృందమంటే పెద్ద సంఘమేమీ కాదు. దానికి పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. మన సంస్థలో వేర్వేరు విభాగాలలో పనిచేస్తున్నవారు నలుగురు, పదవీ విరమణ చేసినవారు ఒకరు, వెరసి ఐదుగురం, ఐదు కార్లు. ఆదివారం ఉదయం కార్లు కడుక్కుంటూ, బానెట్టు ఎత్తి ఒకరి బండిని మరొకరు పరామర్శిస్తూ పెంచుకున్న స్నేహం మాది. ఇద్దరు తెలుగువారం, ఇద్దరు బెంగాలీలు, ఒకరు ఒడియా సోదరుడు.

ఈ సంవత్సరం ఆ ఆలోచన కాగితం మీదకు వచ్చింది. వచ్చే జనవరిలో బయలుదేరాలని నిశ్చయమైంది. ప్రయాణం ముగిసిన తరువాత యాత్రా విశేషాలు రాయడం మన పత్రికలో పరిపాటి. నేను మాత్రం బయలుదేరక ముందే కలం పట్టాను. దారి ఎలా ఉందో వెళ్ళివచ్చాక ఎవరైనా చెప్పగలరు. నలుగురు కలిసి చేసే ప్రయాణానికి ప్రణాళిక ఎవరిని దృష్టిలో ఉంచుకొని వేయాలన్న ప్రశ్న మాత్రం బయలుదేరక ముందే తేలాలి. ఆ ప్రశ్న మా బృందాన్ని రెండు నెలలపాటు సతమతం చేసింది. కారు ఉన్నవారికీ, లేనివారికీ కూడా అది ఆలోచించదగినదని నా నమ్మకం.

దారి, సముద్రం

‘తీరం వెంబడి’ అన్న మాట వినడానికి సొంపుగా ఉంటుంది గాని, పటం ముందు వేసుకొని కూర్చుంటే మొదట కలిగేది నిరాశ. కోల్‌కతా నుండి విశాఖకు రహదారిపై దూరం సుమారు 880 కిలోమీటర్లు. పూర్వం ముక్కలు ముక్కలుగా ఆరు, అరవై, ఐదు అనే నంబర్లతో పిలిచిన ఈ దారిని 2010లో నంబర్లు మార్చినప్పుడు జాతీయ రహదారి 16గా ఒకటి చేశారు. ఇంత పొడవునా తీరప్రాంతంలోనే సాగుతున్నా, ఈ దారిలో దాదాపు ఎక్కడా సముద్రం కంటబడదు.

ఇందుకు కారణం నదులు. సువర్ణరేఖ, వైతరణి, బ్రాహ్మణి, మహానది సముద్రాన్ని చేరేముందు అనేక పాయలుగా చీలి విశాలమైన డెల్టాలను ఏర్పరచాయి. సముద్రపు ఒడ్డునే దారి వేయాలంటే ప్రతి పాయకూ ఒక వంతెన కట్టాలి, ప్రతి వరదకూ భయపడాలి. అందుచేత పూర్వులు డెల్టాల తలభాగాన, నదులు ఎక్కువ పాయలు కాకముందే దాటేలా దారి వేశారు. కటకం దగ్గర మహానదిని, కాఠజోడిని దాటడం ఇందుకు ఉదాహరణ. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో పూరీ యాత్రికుల కోసం వేసిన జగన్నాథ సడక్ కూడా ఇదే న్యాయాన్ని పాటించింది. రైలు మార్గమూ అంతే.

చిల్కా సరస్సు వద్ద మాత్రం కొండలు ఒక పక్క, నీరు మరొక పక్క ఒత్తుకొని రావడంతో బర్కుల్, రంభ ప్రాంతాలలో రోడ్డూ రైలూ కూడా సరస్సు అంచున నడవక తప్పలేదు. విశాఖ దాపులకు వచ్చేసరికి తూర్పు కనుమలు సముద్రందాకా దిగివస్తాయి. అక్కడ భీమునిపట్నం నుండి విశాఖ వరకు సాగే బీచ్ రోడ్డు నిజంగా తీరపు దారి. కనుక సముద్రాన్ని చూడదలచినవారు హైవేను నమ్ముకొని లాభం లేదు. బాలేశ్వర్ దగ్గర చాందీపూర్‌కు, భువనేశ్వర్ దగ్గర పూరీ-కోణార్క్‌లకు, బరంపురం దగ్గర గోపాల్‌పూర్‌కు, చివర భీమిలికి పని గట్టుకొని పక్కకు తిరగాలి. అలా తిరిగితే మొత్తం దూరం వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. వివాదానికి బీజం ఇక్కడే పడింది.

మజిలీ అన్న మాట

ఈ దారిలో బృందయాత్ర చేసిన తెలుగువారిలో మేము మొదటివాళ్ళం కాము. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరుగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసు నుండి కాశీకి బయలుదేరి, తిరుగు ప్రయాణంలో కలకత్తా చేరి, అక్కడి నుండి బాలేశ్వరం, కటకం, జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట స్త్రీలు, బంధువులు, బోయీలు, పరిచారకులు కలిపి సుమారు నూరుమంది పరివారం ఉండేదంటారు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. మనం నేడు అయిదారు గేర్లలో పరుగెత్తే నేల మీద ఆయన పరివారం పల్లకీలతో, కాలినడకన సాగింది.

ఆ పుస్తకం చదివినవారికి అందులో ప్రతి ఊరూ ఒక మజిలీగా కనిపిస్తుంది. దిగడానికి చోటుందా, నీరు మంచిదేనా, సామాన్లు దొరుకుతాయా, ముందున్న దారి ఎటువంటిది అన్నవి ఆయన గమనించి రాసిన విషయాలు. నూరుమంది నడిచే బిడారులో చురుకైనవాడు ఎంత దూరం పోగలడన్నది లెక్కకు రాదు. బరువు మోసేవాడు, వయసు మళ్ళినవాడు సాయంత్రానికి ఎక్కడికి చేరగలడో అదే మజిలీ. మా సమావేశంలో నేను ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు ఆర్థిక విభాగపు మిత్రుడు నవ్వి, “దాదా, ఆయనకు ఎస్.యు.వి. లేదు కదా!” అన్నాడు. అందరం నవ్వుకున్నాం. కాని ప్రశ్న అలాగే మిగిలింది.

ఋతువు

కాలం విషయంలో తగవు రాలేదు. ఈ తీరం తుపానుల తీరం. 1999 అక్టోబరు 29న పారాదీప్ ప్రాంతాన్ని సూపర్ సైక్లోన్ ధ్వంసం చేసింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద, 2014లో సరిగా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటాయి. వేసవి కూడా నిరపాయం కాదు. 2019 మే 3న ఫొని పూరీని, 2021 మే 26న యాస్ బాలేశ్వర్ ప్రాంతాన్ని తాకాయి. పూజా సెలవులలో వెళ్దామన్న బెంగాలీ మిత్రుల కోరిక ఈ తేదీలు వరుసగా రాసి చూపగానే వీగిపోయింది.

జనవరిలో తుపాను భయం తక్కువ. చిల్కాకు ఉత్తరాది దేశాల నుండి వలస పక్షులు వచ్చి ఉంటాయి. ఎండ నెత్తి మాడ్చదు. ఉన్న ఒకే ఒక చిక్కు తెల్లవారుజామున పట్టే పొగమంచు. కనుక ఉదయం ఎనిమిదింటికి ముందు ఏ కారూ కదలరాదని మొదటి నియమం రాసుకున్నాం. గంగాసాగర్ యాత్రికులతో బాబూఘాట్ పరిసరాలు కిక్కిరిసే రోజులు గనుక, ఆ రద్దీ ముదరకముందే 9వ తేదీన విద్యాసాగర్ సేతు దాటాలని అనుకున్నాం.

ఐదవ కారు

అసలు సమస్య ఐదవ కారుతో వచ్చింది. అది 1991లో కొన్న అంబాసిడర్. దాని యజమాని డెబ్బై రెండేళ్ళ పెద్దాయన. మన సంస్థలో నేను చేరిన రోజున నాకు డ్రాయింగు చదవడం నేర్పిన తొలి అధికారి. అంబాసిడర్ గురించి కోల్‌కతా పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర మన పొరుగునే ఉత్తర్‌పాడాలో తయారీ మొదలై, 2014 మే నెలలో ఆగిపోయింది. హుగ్లీ ఒడ్డున పుట్టిన ఆ బండిని ఈ ఊరు సొంత బిడ్డలాగే చూసుకుంది.

పెద్దాయన త్వరలో హైదరాబాదులో బంధువుల చెంతకు మకాం మారుస్తున్నారు. అక్కడి ఫ్లాటులో కారు నిలపడానికి చోటు లేదు. టెక్కలి సమీపాన ఉన్న స్వగ్రామంలో మేనల్లుడు కారును తీసుకొని జాగ్రత్తగా చూసుకుంటానన్నాడు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు ముగుస్తుంది. ఆపైన తనిఖీ చేయించుకొని ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఆయన ఆ పని క్రమం తప్పక చేయిస్తూనే వచ్చారు. రాష్ట్రం మారుతున్నందున రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కూడా సిద్ధం చేసుకున్నారు. సంక్రాంతికి బండిని తానే నడుపుకుంటూ ఊరు చేర్చాలని ఆయన కోరిక.

కార్లు మోసే లారీ మీద పంపితే సరిపోతుంది కదా అని మాలో ఒకరు సూచించారు. పెద్దాయన కోపగించుకోలేదు. “లారీ ఎక్కిస్తే అది సామానయ్యా. నడుపుకుంటూ వెళ్తే ప్రయాణం” అని మాత్రం అన్నారు.

ఆర్థిక విభాగపు మిత్రుని వాదం వేరు. ఆయన బండి కొత్తది, బలమైనది. రాత్రి రెండు గంటలకు బయలుదేరితే సాయంత్రానికి విశాఖలో ఉండవచ్చునని, నాలుగు రోజులు దారిలోనే గడిచిపోతే సెలవులన్నీ హరించుకుపోతాయని ఆయన అభ్యంతరం. అందులో న్యాయం లేకపోలేదు. బడికి వెళ్ళే పిల్లలున్న ఉద్యోగికి సెలవు దినం విలువ తెలుసు. “పెద్దాయన పట్ల మాకందరికీ గౌరవమే. కాని ఒక్క బండి కోసం నాలుగు బండ్లు నత్తనడక నడవాలా?” అని ఆయన సూటిగానే అడిగారు.

ఒక గంట విలువ

ఇంజనీరును గనుక వాదనకు బదులు కాగితం తీశాను. రోజుకు 240 కిలోమీటర్లు నడపాలనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో మూడు గంటలు పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంతో నాలుగు గంటలు. భేదం ఒక గంట. టోల్ గేట్లు, ఊళ్ళు, లారీల రద్దీ అందరినీ సమానంగానే ఆపుతాయి గనుక ఆచరణలో ఈ భేదం ఇంకా తగ్గుతుంది. అంటే మేము రెండు నెలలుగా తగవులాడుతున్నది రోజుకు ఒక గంట గురించి! ఒక టిఫిను, ఒక టీ, పిల్లల చేతులు కడగడం, ఇంతలో కరిగిపోయే కాలం అది.

రాత్రి రెండింటికి బయలుదేరడం గురించి వేరే లెక్క అక్కరలేదు. రెండు నుండి ఐదు గంటల మధ్య మనిషి శరీరం నిద్రనే కోరుతుంది. మన కర్మాగారాలలో నైట్ షిఫ్టు చేసినవారికి ఈ సంగతి పుస్తకం చూసి నేర్చుకోవలసిన అవసరం లేదు. పైగా చీకటిలో సముద్రం కనబడదు. సముద్రం కోసం బయలుదేరి, దానిని చూడకుండానే చేరడం ఏమి సాధించినట్లు?

బండ్ల వరుస

వేగం సంగతి అలా తేలింది. తరువాతి ప్రశ్న, వరుసలో అంబాసిడర్ ఎక్కడ ఉండాలి? బలమైన బండి ముందు నడిచి దారి చేయాలి, పాత బండి వెనుక నింపాదిగా రావాలి అన్నది సాధారణంగా తోచే ఊహ. లెక్క దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. ఓపికగల పాఠకుల కోసం దానిని ఇక్కడ వివరిస్తాను.

ప్రమాదం కంటబడిన క్షణం నుండి బ్రేకు మీద కాలు పడేవరకు ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. 60 కిలోమీటర్ల వేగంలో ఆ కాసేపటికే బండి 25 మీటర్లు ముందుకు పోతుంది. ఆపైన పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, నేటి డిస్కు బ్రేకుల కారు ఆగడానికి సుమారు 20 మీటర్లు కావాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న పాత బండికి 28 మీటర్లు అనుకోవచ్చు. ఒక బండికీ మరొక బండికీ మధ్య రెండు సెకన్ల ఎడం పాటిస్తే ఆ ఎడం 33 మీటర్లు అవుతుంది.

ఇప్పుడు కొత్త కారు ముందు, అంబాసిడర్ వెనుక ఉన్నాయనుకోండి. ముందున్న కారు హఠాత్తుగా బ్రేకు వేసి 20 మీటర్లలో ఆగిపోతుంది. వెనుక బండికి 25, 28 కలిపి 53 మీటర్లు కావాలి. భేదం 33 మీటర్లు. అంటే ఉన్న ఎడమంతా ఖర్చయి, బంపరుకు బంపరు తాకేంత దగ్గరగా ఆగుతుంది. వరుస తిరగవేసి చూడండి. అంబాసిడర్ ముందుండి 28 మీటర్లలో ఆగితే, వెనుకనున్న కొత్త కారుకు 25, 20 కలిపి 45 మీటర్లు చాలు. కావలసిన ఎడం 17 మీటర్లే, చేతిలో ఉన్నది 33. రక్షణ రెట్టింపయింది. వేగం 80కి పెంచితే మొదటి వరుసలో రెండు సెకన్ల ఎడం, అంటే 44 మీటర్లు, చాలనే చాలదు. అంకెలు సుమారుగా వేసుకున్నవే అయినా వాటి దిశ మారదు.

ముందున్న అంబాసిడర్‌కు ఇతర వాహనాలతో ఇదే చిక్కు రాదా అని మీకు సందేహం కలగవచ్చు. వస్తుంది. అందుకే ఆ బండి తన ముందున్న లారీకో బస్సుకో మూడు సెకన్లకు తక్కువ కాకుండా, అంటే 50 మీటర్ల ఎడం ఉంచాలన్నది మరొక నియమం. ముందు నడిచే బండికి ఎవరినో అందుకోవాలన్న తొందర ఉండదు గనుక ఆ ఎడం నిలుపుకోవడం సులువు. వెనుక నడిచే నెమ్మది బండికి ఎప్పుడూ ఆ తొందర తప్పదు. వెనుకబడ్డానన్న భావమే మనిషి చేత పెడల్ గట్టిగా నొక్కిస్తుంది.

అనుకోని మద్దతు

ఈ లెక్కలకు మద్దతు ఊహించని దిక్కు నుండి వచ్చింది. మా బృందంలో అందరికంటే చిన్నది, విద్యుత్ విభాగపు ఇంజనీరమ్మాయి, గత ఏడాది కొన్నది విద్యుత్ కారు. అంతవరకు ఆమె పెదవి విప్పలేదు. కాగితం చూశాక, “నా బండి కూడా రెండు వందల కిలోమీటర్లకు ఒకసారి గంటసేపు ఆగి ఛార్జింగు పెట్టుకోవాలి, దాదా. ఒక్క రోజులో విశాఖ అంటే నేను రాలేనని ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను” అంది. బృందంలో అత్యంత పాత బండికీ, అత్యంత కొత్త బండికీ కావలసినది ఒకటేనని తేలింది, ఆగి ఆగి సాగే ప్రయాణం. ఒకదానికి రేడియేటరు చల్లబడాలి, మరొకదానికి బ్యాటరీ నిండాలి. వీరాస్వామయ్యగారి మజిలీ మళ్ళీ మా కాగితం మీదకు వచ్చింది. ఛార్జింగు సౌకర్యం, శుభ్రమైన మరుగుదొడ్లు, భోజనం ఈ మూడూ ఉన్న చోట్లనే మజిలీలుగా గుర్తించాం. మరుగుదొడ్ల సంగతి మగవాళ్ళం పటంలో వెదకం. మా ఇళ్ళలోని స్త్రీలు ముందుగా అడిగిన ప్రశ్న అదే.

ఆర్థిక విభాగపు మిత్రుడు ఆ రాత్రి తానే లెక్కలు తిరగవేసి, మరునాడు క్యాంటీనులో నా ఎదుట కూర్చొని, “అయితే నేను చివర ఉంటాను” అన్నారు. చివరి బండి బాధ్యత చిన్నది కాదు. ఎవరి బండి ఆగినా చివరివాడే చూస్తాడు. లాగే తాడు, జాకీ, పనిముట్లు, మందుల పెట్టె అతని వద్దనే ఉంటాయి. అందరికంటే బలమైన బండి ఉండవలసిన చోటు అది.

ఒక ఫోను

ఇంత తేలాక ఒక రాత్రి విదేశం నుండి పెద్దాయన కుమారుడు ఫోను చేశాడు. “అంకుల్, మీరు చెబితే నాన్నగారు వింటారు. ఈ వయసులో హైవే మీద ఆయన్ను నడపనివ్వకండి” అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు, అవుననడానికి మనసొప్పలేదు. దూరాన ఉన్న బిడ్డ భయం నిజమైనది. తండ్రి కోరికా నిజమైనదే. నా లెక్కలు బండి ఎక్కడ ఆగుతుందో చెబుతాయి గాని, ఇటువంటి చోట ఎవరి మాట నెగ్గాలో చెప్పవు.

మరునాడు సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్ళి దాపరికం లేకుండా చెప్పాను. కొంతసేపు మౌనంగా ఉన్నారు. తరువాత, “నీ షరతులేమిటో చెప్పు. ఏ యంత్రానికైనా ఆపరేటింగ్ కండిషన్స్ ఉంటాయి. నాకు మాత్రం ఉండవా?” అన్నారు. కంటి పరీక్ష, గుండె పరీక్ష చేయించి వైద్యుడు సరేనంటేనే స్టీరింగు. శుక్లాల శస్త్రచికిత్స జరిగిన కళ్ళు గనుక ఎండ వాలాక నడపరాదు. ఒక విడతకు గంటా పావు, రోజుకు రెండు విడతలు. మిగిలిన దూరం మరొకరు నడుపుతారు. మా ఒడియా మిత్రుడు కటకంలో తన తండ్రిగారి అంబాసిడర్ మీదే డ్రైవింగు నేర్చుకున్నవాడు. ఆయన బండిని ఆయన శ్రీమతి నడుపుతారు గనుక, ఆయన పెద్దాయన పక్కన కూర్చోవడానికి ముందుకు వచ్చారు.

చివరి షరతు మాత్రం నాది కాదు. లోపలి నుండి కాఫీ తెచ్చిన అమ్మగారు అంతా విని, “నలభై ఏళ్ళుగా ఆయన పక్క సీటులో కూర్చున్నదాన్ని. అలసట వస్తే ఆయనకంటే ముందు నాకే తెలుస్తుంది. నేను ఆపమన్నచోట ఆపాలి” అన్నారు. పెద్దాయన మారు మాట్లాడలేదు. ఆ నియమాన్ని కూడా కాగితం మీద చేర్చాను. కుమారునికి ఫోనులో అన్నీ చదివి వినిపించాను. అతడు వెంటనే సరేననలేదు. రెండు రోజుల తరువాత, “వైద్యుని రిపోర్టు నాకు కూడా పంపండి, అంకుల్” అన్నాడు. దానినే అంగీకారంగా తీసుకున్నాం. రిపోర్టులు వచ్చాయి, పంపాను. అతని నుండి జవాబుగా వచ్చిన ప్రశ్న ఒక్కటే, బండికి సీటు బెల్టులు గట్టిగా ఉన్నాయా అని.

చేయకూడనివి

ఇప్పుడు అంబాసిడర్ వర్క్‌షాపులో ఉంది. బ్రేకు లైనింగులు, వీల్ సిలిండర్లు, రేడియేటరు గొట్టాలు, ఫ్యాను బెల్టు మారుతున్నాయి. సీటు బెల్టులు కొత్తవి బిగిస్తున్నారు. నేటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తున్నందున, పాత కాలపు రబ్బరు దానికి తట్టుకోదని పెట్రోలు గొట్టాలు, కార్బ్యురేటరు వాషర్లు కూడా మార్పిస్తున్నాం. విడిగా ఒక సెట్టు పాయింట్లు, కండెన్సరు, పెట్రోలు పంపు వేడెక్కితే చుట్టడానికి తడి గుడ్డ, ఇవన్నీ పెద్దాయన స్వహస్తాలతో పెట్టెలో సర్దుకున్నారు.

ప్రణాళికలో చేయవలసినవాటికంటే చేయకూడనివాటి పట్టికే పొడవుగా తయారైంది. రాత్రి ప్రయాణం లేదు. నడిపేవారు ఫోను ముట్టరాదు. మధ్యలో లారీలు దూరి వరుస తెగితే కంగారుపడి దాటవేయరాదు, తరువాతి మజిలీలో ఎలాగూ కలుస్తాం. ప్రతివారూ తమ వెనుక బండికి బాధ్యులు. మలుపు వద్ద అది అద్దంలో కనబడకపోతే, రోడ్డు వదిలి నిలిచి ఎదురుచూడాలి. ఇసుక మీదకు కారు దింపరాదు. చాందీపూర్‌లో పోటు తగ్గినప్పుడు సముద్రం ఐదు కిలోమీటర్ల వరకు వెనక్కు పోతుంది. ఆ తడినేల చూసి మోజుపడి చక్రాలు దింపితే తిరిగి వచ్చే నీరు బండి కోసం ఆగదు. ఋషికుల్య ముఖద్వారం వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరముంది. సామూహికంగా అవి వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలలలోనే అయినా, హెడ్‌లైట్ల వెలుగు వాటిని దారి తప్పిస్తుంది గనుక చీకటి పడ్డాక ఆ వైపు పోరాదు.

తొలిరోజు కోలాఘాట్, ఖరగ్‌పూర్ మీదుగా చాందీపూర్. తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో మధ్యాహ్నపు మజిలీ. రెండవ రోజు భద్రక్, కటకం దాటి పూరీ. మూడవ రోజు ఉదయం సరుగుడు తోపుల నడుమ సాగే మెరైన్ డ్రైవు మీద కోణార్క్. ఇరవై నాలుగు చక్రాల రాతి రథాన్ని చూడకుండా కార్ల ప్రేమికులు ఎలా ముందుకు సాగుతారు? ఆపైన చిల్కా అంచున గోపాల్‌పూర్‌కు. ఒకనాడు మన ఉత్తరాంధ్ర కూలీలు రంగూన్ ఓడలెక్కిన రేవు అది. నాలుగవ రోజు ఇచ్ఛాపురం వద్ద ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన భీమిలి చేరి, ఎర్రమట్టి దిబ్బల పక్కగా సాయంత్రపు వెలుగులో విశాఖ. కనుమనాడు కాకి కూడా కదలదంటారు గనుక పండుగ ముగిసేవరకు మా కార్లకు విశ్రాంతి.

ఆ నాలుగవ రోజున టెక్కలి దగ్గర అంబాసిడర్ మా వరుసను వదిలి ఊరి దారి పడుతుంది. అక్కడ దిగిన ఒడియా మిత్రుడు తన కారు ఎక్కుతాడు. విశాఖ వరకు మిగిలిన దూరం మేము నాలుగు బండ్లతోనే వెళ్ళాలి. ముందు ఎవరు నడవాలన్న ప్రశ్న అక్కడ మళ్ళీ వస్తుంది. దానికి జవాబు ఇప్పుడు మాకు తెలుసు. ఛార్జింగు ఎవరి బండిలో తక్కువగా ఉందో ఆ అమ్మాయి ముందు నడుస్తుంది.